వేలెడు కిందికి దించిన అద్దం

మా కారెక్కిన ప్రతివాడికీ చెయ్యి దురద పుడుతుంది. డ్రైవరు వెనక వచ్చే బండ్లను చూసుకోవడానికి లోపల, నడిమధ్యన, పైన ఒక అద్దం ఉంటుంది కదా. మా బండిలో అది ఉండాల్సిన దానికంటే వేలెడు కిందికి వంగి ఉంటుంది. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే చెయ్యి చాపి దాన్ని పైకి నెట్టబోతారు. అది కదలదు. ఈలోపు నేను "ముట్టుకోవద్దు!" అని ఒక్క అరుపు అరుస్తాను. మొన్న మా హెడ్మాస్టరు మీద కూడా అరిచాను. ఆయన పాపం చెయ్యి వెనక్కి తీసుకుని కంభం ఊరు వచ్చేదాకా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు చెప్పాల్సిన సంజాయిషీ ఇక్కడ రాస్తున్నాను.

నేను మార్కాపురంలో లెక్కల మాస్టర్ని. మా అక్క మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. పలకల ఫ్యాక్టరీలో, రాయిని ముక్కలుగా కోసే మిషను దగ్గర ఇరవై ఏళ్లకు పైగా పని చేసింది. నేను చదువుకున్నది ఆ కూలితోనే. అక్క కోసిన పలకల మీద ఎన్ని ఊళ్ల పిల్లలు అ ఆలు దిద్దారో లెక్క లేదు గానీ, అక్క మాత్రం బడి గడప తొక్కలేదు. ఇప్పటికీ వేలిముద్రే.

అక్క కూతురు గిద్దలూరులో కాపురం ఉంటోంది. దానికి ఆడపిల్ల పుట్టినప్పటి నుంచి ప్రతి ఆదివారం అక్క పోయి మనవరాలికి తలంటు పోయాలి. ఇంకెవరు పోసినా ఆ పిల్ల వీధి అదిరిపోయేలా ఏడుస్తుందట. అక్క పోసినా అంతే ఏడుస్తుంది, నేను చెవులారా విన్నాను. కానీ ఆ మాట అక్క దగ్గర అనకూడదు. ఆ ఆదివారాల కోసమే నేను పదేళ్లు వాడేసిన ఒక పాత కారు కొన్నాను.

కొన్న రోజే అక్క తన పాత ఫ్యాక్టరీకి పోయి, తాళంచెవి అంత బుల్లి పలక ఒకటి చేయించి, చెక్క ఫ్రేము వేయించి తెచ్చింది. ఎర్రదారంతో లోపలి అద్దానికి తనే కట్టింది. కట్టేటప్పుడు అద్దం కాస్త కిందికి వంగింది, నేనూ అలాగే వదిలేశాను. కట్టి వెనక సీట్లో సరిగ్గా మధ్యలో కూర్చుంది. "ముందుకు రా అక్కా, నన్ను డ్రైవర్ని చేసి నువ్వు కలెక్టరమ్మ మాదిరి వెనక కూర్చుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాను. "అనుకోనీరా. నాకు ఈడే బాగుంది," అంది. ఆ తర్వాత ఒక్కనాడు కూడా ముందు సీట్లో కూర్చోలేదు.

గిద్దలూరు గంటన్నర దారి. ఆ గంటన్నరా అక్క మాట్లాడుతుంది. మామూలుగా నలుగురిలో అక్క మితభాషి. పెళ్లిళ్లలో ఒక మూల కూర్చుని నవ్వుతూ ఉంటుంది, అడిగినదానికి తల ఊపుతుంది. చెవుడు వచ్చిందేమో చూపించమని మేనకోడలు నాతో నాలుగైదుసార్లు అంది. నేను కొట్టిపారేశాను. "చెవుడా! నాతో కార్లో కూర్చుని చూడు. వెనక నుంచి ప్రతి మాటా అందుకుంటుంది. మీ అమ్మకు వినపడనిది ఏమీ లేదు, వినబుద్ధి కానివి ఉన్నాయంతే," అని పెద్ద తెలివిగా చెప్పాను. నిజంగా అంతే అనుకున్నాను కూడా. నా పెళ్లినాడు కూడా మేమిద్దరం కూర్చుని పది మాటలు మాట్లాడుకోలేదు. ఈ కారు వచ్చాకే నాకు మా అక్క దొరికింది. చిన్నప్పుడు నేను సగం తిని దాచిన బెల్లం సంగతి దగ్గర్నుంచి అల్లుడి కొత్త మీసం దాకా మాకు అన్నీ ఆ దారిలోనే.

అద్దం వాలడం ఈ వేసవి మొదట్లో మొదలైంది. స్పీడుబ్రేకరు మీద బండి ఎగిరితే చాలు, అద్దం తల దించుకునేది. పైకి లేపితే దారిలో తర్లుపాడు దాకా ఉండేది, మళ్లీ వాలిపోయేది. నెల తిరిగేసరికి పూర్తిగా మెడ వాల్చేసి గేరు కడ్డీని చూస్తూ ఉండిపోయింది. అట్టముక్క దూర్చాను, రబ్బరు బ్యాండ్లు చుట్టాను. ఎండకు రబ్బరు బ్యాండ్లు తెగి నా ఒళ్లోనే పడ్డాయి. చివరికి మెకానిక్కుకు ఫోన్ చేశాను.

"తమ్ముడూ, కారు అద్దం వాలిపోయింది," అన్నాను.

"అద్దం వాలేదేంది సార్? లబ్బరు ఊడిందా?"

"లబ్బరేంటి, పట్టు వదిలేసింది. లేపితే మళ్లీ పడుతోంది."

"లేపద్దు సార్, లేపద్దు! మీద పడుద్ది. బండి ఆడనే పెట్టండి. పెద్దద్దం గదా, ఒంగోలు నుంచి తెప్పియ్యాల. ఇన్సూరెన్సు ఉండాదా?"

వాడు ముందు గాజు అనుకున్నాడు. వాడిది తప్పని అనలేం. మనకు అన్నిటికీ ఒకటే మాట. ముందున్న గాజు అద్దమే, తలుపుకున్నదీ అద్దమే, మొహం చూసుకునేదీ అద్దమే, ముక్కు మీద పెట్టుకునేవి అద్దాలే. ఆ ఫోను కథ నేను స్టాఫ్‌రూములో వారం రోజులు చెప్పి నవ్వించాను. అంత నవ్వకుండా ఉండాల్సింది.

మెకానిక్కు వచ్చి చూసినాక అసలు సంగతి తేలింది. అద్దం వెనక గోలీ లాంటి గుండు ఒకటి ఉంటుంది, అది గిన్నెలో కూర్చుని తిరుగుతుంది. ఆ గుండు అరిగిపోయింది. "ఈ మోడలుకు ఇప్పుడు సామాను రావట్లేదు సార్. ఇట్లే తోలుకోండి, పక్కద్దాలు ఉండాయి గదా. ముందు ఈ పలక తీసేయండి, దీని బరువొకటి," అన్నాడు. నేను పలక తీసి డ్యాష్‌బోర్డు అరలో వేశాను. అద్దాన్ని దాని ఖర్మకు వదిలేశాను. మా రోడ్ల మీద వెనక చూసి తోలేవాళ్లు ఎంతమంది! వెనక ఎవడున్నాడో వాడి హారనే చెబుతుంది.

ఆ ఆదివారం నుంచే అక్క మారిపోయింది.

"అల్లుడు ఊళ్లోనే ఉన్నాడా?" అని అడిగితే "రెండు కిలోలు తెచ్చినా" అంది. వెనక సంచిలో ఉన్న ఉల్లిపాయల సంగతనుకుంటాను. ఇంకేదో అడిగితే "ఆఁ, ఎండ బాగుంది" అంది. ఆ పై వారం అదీ లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను ఒక జోకు వేశాను, నవ్వలేదు. అదే జోకు కంభంలో గట్టిగా మళ్లీ వేశాను, అప్పుడూ నవ్వలేదు. మూడో ఆదివారం తిరిగొచ్చి వాళ్ల ఇంటి ముందు దిగుతూ, "ఇంక నేను బస్సుకు పోతాలే నాయనా. నీకెందుకు ప్రతివారం శ్రమ," అంది.

శ్రమేమిటి, నేను కారు కొన్నదే అందుకు. ఆ రాత్రి అన్నం సహించలేదు. కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు. ఏదో మనసులో పెట్టుకుంది, చెప్పి ఏడవచ్చు కదా అనుకున్నాను. ఆలోచించగా ఆలోచించగా పలక గుర్తొచ్చింది. అదే! తను కట్టిన పలక తీసేశానని అలిగింది.

నాలుగో ఆదివారం పొద్దున్నే బస్సు కంటే ముందు వాళ్ల ఇంటికి పోయి, బతిమాలి, "ఈ ఒక్కసారికి రా" అని ఎక్కించుకున్నాను. బుల్లి పలక మళ్లీ అద్దానికి వేలాడుతోంది. ఆ బరువుకు అద్దం ఇంకా కిందికి జారి, పలక ప్రతి కుదుపుకూ ముందు గాజుకు కొట్టుకుంటూ టకటకలాడింది. అక్క దాన్ని చూసి చిన్నగా నవ్వింది. మాట మాత్రం లేదు. తర్లుపాడు దాటాక ఇక పట్టలేక బండి నెమ్మది చేసి, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, "నా మీద కోపమా అక్కా?" అన్నాను.

"కోపమేందిరా నీ మొహం! అద్దం బాగలేదు, నీ మాట వినపడట్లా. అది బాగు చేపియ్యి ముందు," అంది.

సరిగ్గా అప్పుడే ఒక లారీ చెవులు చిల్లులు పడేట్టు హారను కొట్టుకుంటూ పోయింది. నాకు "అద్దాలు" అని వినపడింది. పాపం, కళ్లజోడు పాడై చూపు ఆనక చిరాకు పడుతోంది కాబోలు, అనుకున్నాను. కళ్లజోడుకూ మాట వినపడటానికీ ఏం సంబంధమని ఒక్క క్షణం ఆగి ఆలోచించలేదు. పిల్లలకు ప్రశ్న రెండుసార్లు చదివి లెక్క మొదలుపెట్టమని చెప్పే మనిషిని నేను.

మర్నాడే కళ్లజోళ్ల దుకాణానికి తీసుకుపోయాను. "పెద్దమ్మా, పై వరస చదువు," అన్నాడు అక్కడి అతను. "నాకు చదువు రాదు నాయనా," అంది అక్క. బొమ్మల అట్ట తెచ్చి చూపించి, కొత్త జోడు ఇచ్చాడు. అక్క అడ్డు చెప్పకుండా అన్నీ పెట్టించుకుంది. బయటికొచ్చాక "ఇప్పుడు బాగుందా?" అన్నాను. "బాగానే ఉండాయి. ఇయ్యి కూడా మార్చాల్సినయ్యేలే," అంది. ఆ "కూడా" అన్న మాట నా చెవిన పడింది గానీ బుర్ర దాకా పోలేదు.

ఐదో ఆదివారం. అక్క కొత్త కళ్లజోడు పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా కూర్చుంది. ఎక్కేముందే చెప్పేసింది, కార్లో రావడం ఇదే ఆఖరు అని. కంభం దాటాక వెనక ఒక ట్రాక్టరు కాబోలు, అదేపనిగా హారను కొడుతోంది. ఎవడా అని ఎడం చేత్తో అద్దాన్ని సగం పైకెత్తి పట్టుకుని చూశాను. ట్రాక్టరు మీద పదిమంది, వాళ్ల మధ్య ఒక మైకు పెట్టె. "వీడికేం తొందర, తాళి కట్టే టైము దాటిపోతోందా?" అని నాలో నేను గొణుక్కున్నాను.

"తాళి కాదురా, భోజనాల టైము దాటిపోతాంది," అని వెనక నుంచి అక్క పకపకా నవ్వింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక అక్క ఆగలేదు. అలాంటి ట్రాక్టరులోనే తన పెళ్లికి పోయారని, నేను దాని మీద నిద్రపోతే దింపడం మరిచిపోయారని, మళ్లీ వెనక్కి వచ్చి వెతుక్కున్నారని చెప్పింది. నేను అడుగుతున్నాను, తను చెబుతోంది. గేరు మార్చాల్సి వచ్చి అద్దం వదిలేశాను. అది టక్కున వాలింది. "తర్వాత నాయన ఏమన్నాడు?" అని అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. లేదు. అద్దం పైకెత్తాను.

"ఏందిరా, మధ్యలో ఆపినావు?" అంది అక్క.

అద్దం అలాగే పట్టుకుని, ఈసారి గొంతు తియ్యకుండా, వట్టి పెదాలు మాత్రం కదిలించాను. అక్కా, నీళ్లు తాగుతావా?

"ఒద్దు, తాగొచ్చినా," అంది.

బండి పక్కకు తీసి ఆపేశాను. దిగి వెనక సీట్లోకి పోయి అక్క పక్కన కూర్చున్నాను. అక్క నా మొహం చూసి తెలిసిపోయిందని గ్రహించింది. కాసేపు కొత్త కళ్లజోడు తీసి పమిటతో తుడిచింది.

"వినపడేది ఎప్పుడో పోయిందిరా. కోత మిషను కాడ చేరిన మూడేళ్లకే సగం పోయింది. మిగతాది నిమ్మళంగా పోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నన్ను పనికి పోనిస్తివా? అప్పుడు నీది పదో తరగతి. ఆనక చెప్పే అవసరం రాలా. మిషన్ల మోతలో ఎవురి మాట ఎవురికి వినపడుద్ది? ఆడోళ్లందరం ఒకరి నోరొకరు చూసే మాట్లాడుకునేటోళ్లం. ఈ చివర మిషను కాడ నేను, ఆ చివర ఇంకొకామె. పొద్దుగూకులూ కబుర్లే. మేస్త్రీకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు."

"పెళ్లిళ్లలో మూల కూర్చునేది ఇందుకేనా?"

"పదిమంది ఒక్కసారి మాట్లాడితే ఏ నోరని చూసేది? నీ నోరు పంతులు నోరు. అచ్చరం అచ్చరం ఇడమరిచి పలుకుతావు. నాకు పలక మీద చదవను రాదు గానీ నీ నోటి మీద చదవను బాగా వచ్చు."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ముందు సీట్లో కూర్చుంటే నా చెంప తప్ప నోరు కనపడదు. అందుకని వెనక సీటు, అదీ సరిగ్గా మధ్యలో. తను కలెక్టరమ్మ లాగా కూర్చుంటోందని నేను వెక్కిరించినన్ని రోజులూ ఆ చారెడు అద్దంలో నా పెదాలు చూస్తూ కూర్చుంది. మరి బస్సు ఎందుకంటే, "నువ్వేదో అడుగుతాండావు, నేనేదో చెప్తాండా. నీకు తెలిసిపోద్దని భయం. బస్సులో అయితే నన్నెవురూ పలకరియ్యరు గదా," అంది. చెవికి మిషను పెట్టిద్దామన్నాను. "ఇన్నేళ్లు మిషన్ల మోత ఇన్నాయి. వాటిని రెస్టు తీసుకోనీ," అని నవ్వేసింది. నేను ముక్కు తుడుచుకుని ముందుకు వచ్చి, గిద్దలూరు దాకా ఒక చేత్తో అద్దం పట్టుకునే తోలాను. భుజం పడిపోయింది. అయినా దింపలేదు.

సాయంత్రం తిరిగి వస్తూ మార్కాపురం ఊరి మొదట్లో, పలకల ఫ్యాక్టరీల వాళ్లు పారబోసిన రాళ్ల దిబ్బల దగ్గర అక్క బండి ఆపమంది. దిగి, దిబ్బ అంచున మెత్తటి పలక పొడి గుప్పెడు తీసి కాగితంలో పొట్లం కట్టింది. "గమ్ముందా నీ కాడ, చెప్పులకేసేది?" అని అడిగింది. డ్యాష్‌బోర్డు అరలో ఒక బుడ్డి ఉంది.

"మూల ఇరిగిన పలకకు మేము ఇదే పెట్టేటోళ్లం. ఈ పొడి మీద గమ్ము పడితే పది లెక్కపెట్టేలోపు రాయవుద్ది. మళ్లీ ఎవురొచ్చినా కదిలీలేరు. కాబట్టి ముందే సరిగ్గా చూసి పెట్టుకో," అంది. అద్దం వెనక గుండు చుట్టూ ఉన్న సందులో పొడిని వేలితో ఒత్తి ఒత్తి కూరింది. ఆ వేళ్లకు ఆ పని ఇంకా గుర్తుంది. తర్వాత వెనక సీట్లోకి పోయి మధ్యలో కూర్చుంది. నేను కుడిచేత్తో గమ్ము బుడ్డి, ఎడం చేత్తో అద్దం పట్టుకున్నాను.

వెనక రోడ్డంతా కనపడేలా అద్దం పైకి పెట్టి, "ఏం కనపడుతోంది?" అన్నాను. జవాబు రాలేదు. తల వెనక్కి తిప్పి మళ్లీ అడగాల్సి వచ్చింది.

"నీ నెత్తి. బట్టతలొస్తాంది చూసుకో."

కాస్త కిందికి వంచాను. "కండ్లు." ఇంకాస్త. "ముక్కు." మొత్తం మీద వేలెడు కిందికి దిగాక, "ఆఁ, నోరు," అంది. నేను చూసుకున్నాను. నాకు వెనక రోడ్డు పైన సన్నటి పట్టీలాగా మిగిలింది. మిగతా అద్దమంతా అక్కే.

"నీకు రోడ్డు కనపడతాందా?" అంది.

"కనపడుతోంది."

"నా కాడ అబద్ధమాడబాక, నీ నోరు వంకరపోతాంది. పైకి పెట్టు. బండి తోలేటోడికి దోవ కనపడాల. నాదేముంది, బస్సుకు పోతా. ఒరే, పైకి పెట్టమంటే!"

నేను గమ్ము వేసేశాను.

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని అక్క వెనక నుంచి నా భుజం మీద ఒక్కటి చరిచింది. నేను కదల్లేదు. అద్దాన్ని అలాగే పట్టుకుని, తనకు కనపడేలా, ఒక్కో అంకెనూ నోరంతా తెరిచి పలుకుతూ ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాను. ఏడు దగ్గర అక్క తిట్టడం ఆపింది. పది అయ్యాక చెయ్యి తీశాను. అద్దం రాయిలా నిలబడింది. బుల్లి పలక దాని కింద బుద్ధిగా వేలాడింది.

గొంతు తియ్యకుండా పెదాలతో అన్నాను. ఇంకోసారి బస్సు మాట ఎత్తితే ఊరుకోను.

"ఎత్తనులే," అంది అక్క. కళ్లజోడు తీసి మళ్లీ తుడుచుకుంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం అలాగే పోతున్నాం. రెండు పక్కద్దాలూ ఉన్నాయి, వాటితోనే తోలతాను. వాటికి అందని దాని కోసం అక్క ఉంది. రోడ్డు నాకు పూర్తిగా కనపడదని తనకు తెలుసు కాబట్టి, కబుర్ల మధ్యలో నిమిషానికోసారి మెడ తిప్పి వెనక గాజులోంచి చూస్తుంది. "లారీ వస్తాంది, దారియ్యి," అంటుంది. నేను పక్కకు తీస్తాను. లారీ డ్రైవరు మమ్మల్ని దాటిపోతూ వింతగా చూస్తాడు, వాడింకా హారను మీద చెయ్యి కూడా వేసి ఉండడు.